కెమెరా లేని లిఫ్టు

మేజిస్ట్రేటుగా పనిచేసిన ఇన్నేళ్ళలో తాగి కొట్టుకున్న వాళ్ళను చూశాను, పెళ్ళాన్ని కొట్టి వచ్చి నుదుట ఇంత బొట్టుతో నిలబడ్డ మగవాళ్ళను చూశాను, చెక్కు బౌన్సయ్యాక దండాలు పెట్టే పెద్దమనుషులను చూశాను. వాళ్ళెవరి మీదా కలగనంత రోత నాకు ఒక చిన్న దొంగతనం కేసులో కలిగింది. నిందితురాలి మీద కాదు. ఇస్త్రీ నలగని బట్టల్లో, మెడలో ఆఫీసు ట్యాగులతో వచ్చి సాక్ష్యం చెప్పిన వాళ్ళ మీద. బెంచి మీద కూర్చున్నంతసేపు జడ్జి ముఖంలో ఏమీ కనబడకూడదంటారు. ఆ కేసు నడిచినన్నాళ్ళు నా ముఖాన్ని అదుపులో పెట్టుకోవడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఫిర్యాదు చేసింది ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. భార్యాభర్తలిద్దరూ కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. గచ్చిబౌలి దాటాక లేచిన టవర్లలో ఒకదానిలో, బాగా పై అంతస్తులో వాళ్ళ ఫ్లాటు. వరలక్ష్మీ వ్రతానికి వేసుకుని అలమారలో పెట్టిన బంగారు హారం, దసరా అయ్యాక ఎవరిదో పెళ్ళికి బయలుదేరుతూ చూసుకుంటే లేదు. అదే సాయంత్రం వంటమనిషి పేరు రాసి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. వంటమనిషి ఆ టవర్ల వెనక బస్తీలో కిరాయికి ఉండే నడివయసు ఆడమనిషి. భర్త పోయి చాలా కాలమైంది. పోలీసులు ఆమె ఇల్లు వెతికారు, చుట్టాల ఇళ్ళు వెతికారు, తాకట్టు దుకాణాల్లో విచారించారు. హారం దొరకలేదు. ఆమె తీస్తుంటే చూసినవాళ్ళు లేరు. అయినా కొన్నాళ్ళు జైల్లో పెట్టారు, బెయిలు మీద వదిలారు, చార్జిషీటు వేశారు.

చూసిన సాక్షి లేనప్పుడు మిగిలేది చుట్టూ ఉన్న పరిస్థితులే. మాకు శిక్షణ ఇచ్చిన ఒక పెద్ద జడ్జి ఈ విషయంలో మహా కచ్చితంగా ఉండేవారు. ఒక్కో పరిస్థితినీ విడిగా తీసి చూడమనేవారు. అది నిజంగా జరిగిందా అన్నది ముందు చూడాలి. జరిగితే, దానికి నేరం కాకుండా వేరే మామూలు కారణం ఉండే వీలుందా అన్నది తర్వాత. మామూలు కారణం ఒక్కటి దొరికినా దాన్ని తీసి పక్కన పెట్టాలి. అలా పక్కన పెట్టగా మిగిలినవన్నీ కలిపినప్పుడు నిందితుడి వైపు తప్ప మరో వైపు దారి లేకపోతేనే శిక్ష. జనం మాత్రం ముందే అన్నీ కలిపేసుకుంటారు. వాళ్ళకు దొంగ అంత తొందరగా దొరకడానికి అదే కారణం.

చార్జిషీటులో ఉన్నవి ఇవి. ఆ ఫ్లాటు తలుపుకు తాళంచెవి ఉండదు, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది, ఆ అంకెలు వంటమనిషికి తెలుసు. ఆమె గేటులోకి వచ్చేటప్పుడు ముఖానికి స్కార్ఫు చుట్టుకుని ఉంటుంది. గేటు కెమెరాలో కనబడుతుంది గాని, ఆ టవరులోని లిఫ్టు కెమెరాల్లో ఏ రోజూ కనబడదు, అంటే కెమెరాలను తప్పించుకుని తిరిగింది. ఇక అన్నిటికన్నా పెద్దది, హారం పోయిన సంగతి బయటపడ్డ మర్నాటి నుంచి ఆమె పనికి రావడం మానేసింది. ప్రాసిక్యూటర్ వీటిని వరసపెట్టి చదువుతుంటే నాకూ అనుమానం వచ్చింది. గేటులో కనబడ్డ మనిషి అన్ని అంతస్తులు పైకి ఎగిరి వెళ్ళదు గదా, లిఫ్టులో ఎందుకు కనబడలేదు?

ఫిర్యాదుదారు బోనెక్కింది. చదువుకున్న పిల్ల, మాట స్పష్టంగా ఉంది. హారం వాళ్ళమ్మ పెట్టిందని చెబుతున్నప్పుడు కళ్ళు చెమర్చాయి, ఆ దుఃఖం నిజమైనదే. ఆ తలుపు అంకెలు ఇంకెవరికి తెలుసని అడిగాను. లీగల్ ఎయిడ్ తరఫున నిందితురాలికి ఉచితంగా పెట్టిన వకీలు, తన చేతిలోని కట్టల కొద్దీ కేసుల్లో ఇది ఏదో గుర్తుపట్టే లోపలే “ప్రశ్నలు లేవు” అనేసే రకం. అందుకని నేనే అడగాల్సి వచ్చింది.

“ఇల్లు తుడిచే ఆమెకు తెలుసు మేడమ్. ఏసీ వాళ్ళకు ఒకసారి చెప్పినాం. మా మరిదికి తెలుసు, వాళ్ళ ఫ్రెండ్సు వచ్చినప్పుడు వాళ్ళకూ చెప్పింటాడు.”

“మరి వీళ్ళలో ఈమె మీదే ఎందుకు అనుమానం?”

ఆ పిల్ల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. “మిగతా వాళ్ళు అట్లాంటోళ్ళు కాదు మేడమ్. ఈమె మొదటి నుంచీ ఎదురు మాట్లాడేది. ఉప్పు తక్కువైందంటే, మొన్న ఎక్కువైందంటిరి కదా అనేది.”

నేను చెబుతుంటే స్టెనో టైపు చేస్తోంది. ఈ మాట దగ్గర ఆమె తలెత్తి నా వైపు చూసింది. టైపు చెయ్యమన్నాను. ఉప్పు గురించి మాట్లాడిన మనిషి హారం తీస్తుందన్న తర్కం ప్రభుత్వ ఖర్చుతో కాగితం మీదకు ఎక్కింది.

ఇక ముఖానికి స్కార్ఫు. దానికి తూకమే అక్కర్లేదు. ఆ రోడ్ల మీది దుమ్ముకు, ఎండకు ముఖం చుట్టుకోని ఆడమనిషి ఎవరు? ఆ మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే సాక్ష్యం ముగించుకున్న ఫిర్యాదుదారే కోర్టు ఆవరణలో స్కూటీ తీస్తూ కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా స్కార్ఫు బిగించుకుంటోంది.

తర్వాతి వాయిదాకు ఆ టవర్ల సంఘం కార్యదర్శి వచ్చాడు. విజయవాడ వైపు మనిషి, ఏదో పెద్ద కంపెనీలో మేనేజరు. కెమెరాల రికార్డును పోలీసులకు అప్పగించింది ఈయనే. సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు లేదు, తన టవర్లకు బహుమతి తీసుకోవడానికి వచ్చినట్టు ఉంది. ఎన్ని కెమెరాలున్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎంత దూరం నుంచి మనిషి ముఖం పడుతుందో అడగకుండానే చెప్పాడు.

“ఆమె లిఫ్టు కెమెరాల్లో కనబడలేదని చెప్పారు. మరి పైకి ఎలా వెళ్ళింది?” అన్నాను.

“సర్వీసు లిఫ్టులో అండి మేడమ్.”

“రెసిడెంట్ల లిఫ్టులో ఎక్కొచ్చా?”

“అబ్బే, లేదండి. పనివాళ్ళు, డ్రైవర్లు, డెలివరీ వాళ్ళు, పెట్స్ సర్వీసు లిఫ్టులోనే అండి. బోర్డు పెట్టాం. జనరల్ బాడీలో రిజల్యూషన్ చేశామండి. ఎక్కితే పనికి రానివ్వం.”

“ఆ సర్వీసు లిఫ్టులో కెమెరా ఉందా?”

ఆయన చిన్నగా నవ్వాడు, అమాయకమైన ప్రశ్న అడిగానన్నట్టు. “అందులో కెమెరా దేనికండి మేడమ్? అందులో ఎక్కేది వాళ్ళేగా.”

కోర్టు హాల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. ప్రాసిక్యూటర్ కాగితం తిప్పాడు. లీగల్ ఎయిడ్ వకీలు తన ఫోనులో ఉన్నాడు. మనుషులనూ కుక్కలనూ కలిపి ఒక డబ్బాలో ఎక్కించింది వీళ్ళు, అందులో కెమెరా దండగన్నది వీళ్ళు, చివరికి ఆ మనిషి కెమెరాలో కనబడలేదు గనక దొంగ అని నా ముందుకు తెచ్చిందీ వీళ్ళే. పైగా ఆ మాట అన్న పెద్దమనిషికి తను ఏమన్నాడో తెలియలేదు. అబద్ధం ఆడే సాక్షికి కనీసం తను అబద్ధం ఆడుతున్నానని తెలుస్తుంది. ఈయన నిజమే చెబుతున్నాడు, చెప్పి మురిసిపోతున్నాడు.

ప్రాసిక్యూటర్ ఊరుకోలేదు. “రూలు ఉండొచ్చు మేడమ్, కానీ ఆ రూలును అడ్డం పెట్టుకుని ఆమె కెమెరాలు తప్పించుకుందని మా వాదన. అంతేకాదు, నిర్దోషి అయితే మర్నాటి నుంచి పనికి ఎందుకు రాలేదు?” అన్నాడు. రెండో మాటను అంత తేలిగ్గా పక్కన పెట్టడానికి లేదు. పనికి రాకపోవడం నిజమే. భయపడి రాలేదా, తీసింది గనక రాలేదా? రెంటికీ వీలుంది. నేను అక్కడికి వెళ్ళి చూస్తానని, రెండు వైపుల వాళ్ళూ రావాలని ఆదేశం ఇచ్చాను. ఇంత చిన్న కేసులో స్థలం చూడటానికి జడ్జి వెళ్ళడమేమిటని మా గుమస్తాలు గొణుక్కున్నారు. ఆ లిఫ్టు ఎక్కి చూడాలని నాకు మొండిపట్టు వచ్చింది, అంతే.

వెళ్ళాం. గేటు దగ్గర నా కారుకు సెల్యూట్ కొట్టి, దారికి అడ్డంగా ఉన్న కర్ర ఎత్తారు. కార్యదర్శి ఎదురొచ్చి పూలగుత్తి ఇవ్వబోతే వద్దన్నాను. అంతలో వెనక ఏదో గొడవ. చూస్తే మా నిందితురాలు, ఆమె వకీలు ఆటో దిగి నడిచి వస్తున్నారు. వకీలును వదిలి ఆమెను ఆపారు. గేటు మనిషి తన చేతిలో ఫోను చూపిస్తూ, ఆమె పేరు మీద ఎర్ర గుర్తు వస్తోందని, వదిలితే తన ఉద్యోగం పోతుందని అంటున్నాడు. కోర్టు రమ్మంటేనే వచ్చామని వకీలు గొంతు పెంచాడు. కేసు మొదలయ్యాక ఆయన గొంతు నేను గట్టిగా వినడం అదే మొదలు.

“ఏమైంది?” అని కార్యదర్శిని అడిగాను.

“ఏం లేదండి మేడమ్. ఆవిడ మా సిస్టమ్‌లో బ్లాక్‌లో ఉందండి. ఇప్పుడే చెప్పి లోపలికి పంపిస్తాను.”

“ఎప్పటి నుంచి బ్లాక్‌లో ఉంది?”

“హారం పోయిందని ఆ ఫ్లాటు వాళ్ళు మా టవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు కదండి, ఆ సాయంత్రమే. పది నిమిషాలు కూడా పట్టలేదండి. మా దగ్గర సెక్యూరిటీ విషయంలో ఆలస్యమనేది ఉండదు.”

“అంటే మర్నాడు ఆమె పనికి వచ్చినా లోపలికి రానివ్వరు.”

“ఎలా రానిస్తామండి?”

నేను ప్రాసిక్యూటర్ వైపు చూశాను. ఆయన టవర్ల పై అంతస్తులను చూస్తున్నాడు. నిందితురాలు గేటు బయట గోడ నీడలో నిలబడి, అప్పుడు నోరు తెరిచింది. “నేను వచ్చిన మేడమ్. ఆ తెల్లారే వచ్చిన. గిట్లనే ఆపిన్రు. జర లోపలికి పోనియ్యిన్రి, మేడంతోని మాట్లాడి పోత అన్న. ఎల్లగొట్టిన్రు. ఇంటికి పొయ్యేసరికి పోలీసోళ్ళు కూసున్నరు.”

ఈ మాట పోలీసులకు చెప్పావా అని అడిగితే, చెప్పానంది. కాగితాల్లో ఎక్కడా లేదు.

సర్వీసు లిఫ్టు కూడా ఎక్కాను. కార్యదర్శి వద్దండి వద్దండి అంటూ అద్దాలూ అగరొత్తుల వాసనా ఉన్న లిఫ్టు వైపు దారి చూపిస్తున్నా వినలేదు. లోపల గోడలకు సామాన్లు తగిలి గీతలు పడకుండా ప్లైవుడ్ చెక్కలు కొట్టారు. ఒక మూల చెత్త సంచుల నుంచి కారిన నీళ్ళు, ఇంకో మూల కుక్క వెంట్రుకలు. కార్యదర్శి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. తన టవర్లో ఉన్న ఆ లిఫ్టు ఆయన ఎక్కడం అదే మొదటిసారట. మా నిజాంపేట అపార్టుమెంటులో ఉన్నది ఒక్కటే లిఫ్టు, అదీ వారంలో సగం రోజులు పనిచెయ్యదు. పనిచేసినప్పుడు చెత్త బుట్ట, ఇంటి ఓనరు, హాస్టలు పిల్లలు, నేను అందరం ఒకరి మోచేతులు ఒకరికి తగులుతూ దిగుతాం. దాన్ని ఎన్నోసార్లు తిట్టుకున్నాను. ఆ రోజు తర్వాత తిట్టడం తగ్గించాను.

గేటు దగ్గర విన్నమాట అలాగే తీర్పులో వాడటానికి లేదు. అందుకని కార్యదర్శిని మళ్ళీ పిలిపించి, బోనెక్కించి, ప్రమాణం చేయించి, అదే ప్రశ్న అడిగాను. ఈలోపు ఎవరైనా చెప్పి ఉంటారని, మాట మారుస్తాడని అనుకున్నాను. ఏం మారలేదు. “ఆ సాయంత్రమే బ్లాక్ చేశామండి” అని అంతే గర్వంగా చెప్పాడు. తన మాట కేసును ఏం చేస్తుందో అప్పటికీ ఆయనకు తట్టలేదు. ఆ గేటు లోపల ఉన్నవాళ్ళకు తాము పెట్టిన రూళ్ళు ఎండా వానల్లాంటివి, వాటిని ఎవరో పెట్టారన్నదే గుర్తుండదు. ఆమె సర్వీసు లిఫ్టులో తిరగడం ఆమె స్వభావం, ఆమె పనికి రాకపోవడం ఆమె నేరం. అంతకు మించి ఆ బుర్రల్లోకి ఏదీ దూరలేదు.

సాక్షులంతా అయ్యాక నిందితురాలిని నేనే స్వయంగా అడగాలి, ఆమె మీద వచ్చిన ప్రతి మాటా చెప్పి, దానికి ఆమె ఏమంటుందో రాయించాలి. చాలామంది ఇక్కడ “అబద్ధం”, “తెలియదు” అని ముగిస్తారు. ఆమె కూడా అన్నిటికీ “నేను తియ్యలే మేడమ్” అంది. చివరికి, ఇంకేమన్నా చెప్పుకునేది ఉందా అమ్మా అని అడిగాను.

“జైలుకేస్తరో ఇడుస్తరో మీ ఇష్టం మేడమ్. నాకు ఇంకో కాడ పని దొరుకుతది. గాని ఆ బిల్డింగులల్ల ఎన్నిండ్లల్ల వండిన నేను. చిన్నపిల్లలకు తినవెట్టిన. గిప్పుడు వాళ్ళందరి ఫోన్లల్ల నా ఫోటో ఉన్నదంట, కింద దొంగ అని రాసిన్రంట. మా బస్తీల పనికి పొయ్యేటోళ్ళందరికి చూపిచ్చిన్రు. నేను దొంగను కాదని వాళ్ళ ముంగట చెప్పాలె మేడమ్. నాకు గంతే కావాలె.”

అదంతా కోర్టు భాషలోకి మార్చి టైపు చేయించాను. మార్చాక చూస్తే, నిందితురాలు తనను తప్పుగా ఇరికించారని చెప్పింది అని ఒక్క వాక్యం మిగిలింది.

తీర్పు ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని రాశాను. మొదట రాసినది చదివి మా ఆయన, “ఇది తీర్పా, తిట్టా?” అన్నాడు. ఆయనకు బ్యాంకు ఉద్యోగం, ఏ కాగితం మీద ఎంత కోపం పెట్టొచ్చో బాగా తెలుసు. “నీకెందుకు అంత మంట, వదిలేస్తే పోతుంది గదా” అన్నాడు. వదిలేస్తే పోయేది కాదది. ఆ కాగితాల మీద ఆమె కొన్నాళ్ళు జైల్లో పడుకుంది. నేను మొదటి రోజు వచ్చిన అనుమానంతోనే ఆగిపోయి ఉంటే ఇంకా పడుకునేది. నాలుగు పరిస్థితులు కలిపి చూస్తే నాకే దొంగలా కనబడింది. ఒక్కోటి తీసి చూస్తే, రెంటిని తయారు చేసింది ఆ గేటు లోపలివాళ్ళే, ఒకటి ఎండ, ఇంకొకటి పదిమందికి తెలిసిన తలుపు అంకెలు.

తిట్లన్నీ కొట్టేసి మళ్ళీ రాశాను. ఒక్క విషయంలో మాత్రం పట్టు వదల్లేదు. ఇలాంటి తీర్పుల్లో చివర అలవాటుగా ఒక మాట వస్తుంది, సందేహం ఉంది గనక ఆ లాభం నిందితురాలికి ఇచ్చి వదిలేస్తున్నామని. ఆ మాట ఉంటే తీసిందేమో, రుజువు దొరకలేదేమో అని ఎవరైనా అనుకోవచ్చు. దాన్ని రాయలేదు. ఈమెకు వ్యతిరేకంగా ఒక్క పరిస్థితి కూడా రుజువు కాలేదని, ఈమె నిర్దోషి అని రాశాను. పోలీసులు గేటు దగ్గర జరిగింది విచారించకపోవడాన్ని ఒక పేరాలో తప్పుపట్టాను. నా చేతిలో ఉన్నది అంతే, దాన్ని మొత్తం ఇచ్చాననుకున్నాను. లోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

తీర్పు రోజున పేరు పిలవగానే ఆమె వచ్చి బోను పక్కన నిలబడింది. మంచి చీర కట్టుకుని వచ్చింది, తల దువ్వుకుని పూలు పెట్టుకుంది. హాలంతా మామూలుగానే ఉంది. వేరే కేసుల వాళ్ళు, వాళ్ళ వకీళ్ళు, తలుపు దగ్గర కానిస్టేబుల్. తీర్పులో చివరి భాగం ఇంగ్లిషులో చదివాను. ఆమె నా ముఖం వంకే చూస్తోంది. చదవడం అయ్యాక తెలుగులో చెప్పాను.

“నువ్వు ఏ తప్పూ చెయ్యలేదని తీర్పు ఇచ్చాను. కేసు కొట్టేశాను. ఇక నువ్వు ఇంటికి పోవచ్చు.”

లీగల్ ఎయిడ్ వకీలు ఆమెను దండం పెట్టమన్నట్టు మోచేత్తో పొడిచాడు. ఆమె దండం పెట్టలేదు. వెనక్కి తిరిగి బెంచీలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఫిర్యాదుదారు రాలేదు, ఆమె భర్త రాలేదు, కార్యదర్శి రాలేదు. ఆ రోజు ఆఫీసు ఉంటుంది గదా. సాక్ష్యం చెప్పాక తీర్పుకు రావాలని చట్టంలో ఎక్కడా లేదు, వాళ్ళను రప్పించాలన్న ఆలోచన నాకూ రాలేదు. ఆ తీర్పు కాపీ ఆ గేటు లోపలికి ఎవరు తీసుకుపోతారు, ఎవరు ఆ గ్రూపులో పెడతారు?

ఆమె మళ్ళీ నా వైపు తిరిగింది.

“వాళ్ళెవ్వరు రాలే గద మేడమ్,” అంది. “మరి ఎవ్వరికి చెప్పిన్రు?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది, నేను చెబుతానని ఆగింది. వకీలు ఆమె భుజం పట్టుకుని పద పద అన్నాడు. నేను ఫైలు మూసి తర్వాతి కేసు పిలవమన్నాను.